మొదటి పీరియడ్లో లెక్కలు

మూడో తరగతి టీచరు దొంగతనం చేసిందంటే ఆ స్కూల్లో ఎవరూ నమ్మరు. స్టాఫ్‌రూములో ఎవరిదో పెన్ను తన బల్ల మీద కనబడితే, అది ఎవరిదో తేలేదాకా స్థిమితంగా కూర్చోలేని మనిషి ఆమె. అలాంటి మనిషి, బడి తెరిచిన మూడో వారం నుంచి, రోజుకి నలభై నిమిషాల చొప్పున దేవుడి సమయం కాజేస్తూ వచ్చింది. చేసినన్నాళ్ళూ అది దొంగతనమని ఆమెకి తోచనే లేదు. దొంగలకుండే పెద్ద సుఖం అదే మరి.

అది కేథలిక్ ప్రైమరీ స్కూలు. ఉదయం ప్రార్థన అయ్యాక మొదటి పీరియడ్ ప్రతి తరగతికీ సత్యోపదేశమే. దేవుడెవరు, పాపమంటే ఏమిటి, క్షమించమని ఎలా అడగాలి, ఇవన్నీ పిల్లల వయసుకి తగ్గట్టు చెప్పే పాఠాలు. మూడో తరగతికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఆ ఏడాదే పిల్లలు మొదటిసారి ఫాదరు దగ్గర మోకరించి తమ పాపాలు చెప్పుకుంటారు, ఆ మర్నాడు పూజలో మొదటిసారి దివ్యసత్ప్రసాదం, అంటే క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం, తీసుకుంటారు. అందుకని మూడో తరగతి సత్యోపదేశం పుస్తకం మిగతా తరగతుల పుస్తకాల కంటే లావు. పందొమ్మిది పాఠాలు.

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ ఏడు మూడో తరగతికి లెక్కలు బొత్తిగా రాలేదు. ఇరవై ఆరుగురిలో సగానికి పైగా పిల్లలకి తీసివేతలో పక్క అంకె నుంచి అప్పు తెచ్చుకోవడం తెలియదు. తెచ్చుకున్నవాళ్ళు తెచ్చుకున్న సంగతి మరిచిపోయేవారు. మొదటి పరీక్ష పేపర్లు దిద్దేసరికి టీచరు ఎర్ర పెన్ను అయిపోయింది. ఆ స్కూలు హెడ్మిస్ట్రెస్‌ని అందరూ పెద్ద సిస్టరు అంటారు. ఆవిడ మార్కుల జాబితా పైనుంచి కింది దాకా చూసి, "వీళ్ళని నాలుగులోకి ఎలా పంపిస్తారు టీచర్?" అని అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్ళ మాట సాయంత్రానికి మరిచిపోవచ్చు. పెద్ద సిస్టరు మెల్లగా అన్న మాట మాత్రం ఇంటిదాకా వెంట వచ్చి, భోజనం దగ్గర పక్కనే కూర్చుంటుంది.

మర్నాడు మొదటి పీరియడ్లో సత్యోపదేశం పుస్తకాలు తియ్యబోతున్న పిల్లలతో, "ఇవాళ ఒక్కరోజుకి లెక్కల నోట్సు తియ్యండి," అంది టీచరు. ఆ ఒక్కరోజు వారమైంది, వారం నెలైంది. సత్యోపదేశం నాలుగో పాఠం దగ్గరే ఆగిపోయింది. పిల్లలకి తీసివేతలు వచ్చాయి, హెచ్చవేతలు వచ్చాయి, భాగహారం కూడా వచ్చేసింది. దేవుడిది పెద్ద మనసు, అర్థం చేసుకుంటాడు. పెద్ద సిస్టరు అర్థం చేసుకోదు. ఆమె తనకి తాను సర్దిచెప్పుకున్న మాట ఇది.

శుక్రవారం సాయంత్రాలు మాత్రం కాస్త ఇబ్బందిగా ఉండేవి. ఆ వారం ఏ పాఠాలు చెప్పారో డైరీలో రాసి పెద్ద సిస్టరు బల్ల మీద పెట్టాలి. టీచరువి ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ ముత్యాలతోనే, చెప్పని పాఠాన్ని చెప్పినట్టు రాసేది. 'ఆరవ పాఠం: సత్యము పలుకుట. బోధించడమైనది. పిల్లలు చక్కగా గ్రహించారు,' అని రాసిన వారం కూడా ఆమె అక్షరం వంకర పోలేదు. పెద్ద సిస్టరు ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి తిప్పి పంపేది.

ఆ తరగతిలో కిటికీ పక్క బెంచీలో ఒక పిల్ల కూర్చునేది. దర్జీ పని చేసే తల్లికి ఒక్కతే కూతురు. ఆ పిల్ల అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడేది కాదు. టీచర్లూ పిల్లలూ అందరూ 'సందేహం' అనే పిలిచేవారు. "దేవుడికి అన్నీ తెలిసినప్పుడు మళ్ళీ మనం పాపాలు చెప్పుకోవడం ఎందుకు టీచర్?" అని రెండో పాఠంలోనే అడిగిన ఘటం అది. "పదో పాఠంలో వస్తుంది, కూర్చో," అంది టీచరు నవ్వుతూ. పదో పాఠం ఎంతకీ రాలేదు. సందేహం రోజూ ఆశగా సంచిలోంచి సత్యోపదేశం పుస్తకం సగం బయటికి లాగి, టీచరు బోర్డు మీద అంకెలు వెయ్యడం చూసి మళ్ళీ లోపలికి తోసేది. కొన్నాళ్ళు చూసి చూసి, ఇంట్లో తనే చదువుకోవడం మొదలుపెట్టింది. పందొమ్మిది పాఠాలూ ఒక్కతే చదివేసింది.

బడి మూసే నెలలు దగ్గరపడుతుండగా బిషప్‌గారి విద్యా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. సత్యోపదేశం ఎలా సాగుతోందో చూడటానికి ఒక సిస్టరు వస్తుందనీ, మూడో తరగతిని స్వయంగా ప్రశ్నలు అడుగుతుందనీ దాని సారాంశం. తొమ్మిది రోజుల గడువు. ఉత్తరం చదివి వినిపించి పెద్ద సిస్టరు, "మీ తరగతి గురించి నాకు బెంగ లేదు టీచర్. డైరీ చూస్తూనే ఉన్నాను కదా," అంది.

తొమ్మిది రోజుల్లో పదిహేను పాఠాలు. ఎన్ని విధాల భాగించినా కుదరలేదు. ఆ సాయంత్రమే వెళ్ళి ఉన్న సంగతి చెప్పేస్తే ఒక మాట పడటంతో పోయేది. కానీ మాట పడటం ఆమెకి అలవాటు లేదు. పుస్తకమంతా తిరగేసి ముఖ్యమైన ప్రశ్నలు ఇరవై అయిదు ఏరింది. పిల్లకో ప్రశ్న పంచింది. ఎవరి జవాబు వాళ్ళు బట్టీ పట్టాలి. సిస్టరు ఏ ప్రశ్న అడిగినా తరగతి మొత్తం చెయ్యి ఎత్తాలి. కాకపోతే ఆ ప్రశ్న ఎవరిదో వాళ్ళు కుడిచెయ్యి ఎత్తాలి, మిగతా అందరూ ఎడమచెయ్యి. ఎవరిని లేపాలో టీచరు చూసుకుంటుంది.

"ఇదొక ఆట," అని చెప్పింది పిల్లలకి. లెక్కలు లేని ఆట అనేసరికి పిల్లలు ఎగిరి గంతేశారు.

ఇరవై ఆరో పిల్ల సందేహం. ఆ పిల్లకి మాత్రం ఏ ప్రశ్నా ఇవ్వలేదు. నోరు తెరిస్తే జవాబు వెనకాలే ఇంకో ప్రశ్న కూడా బయటికి వస్తుందని టీచరు భయం. "నువ్వు అన్నిటికీ ఎడమచెయ్యే ఎత్తు," అంది.

"నాకు అన్నీ వచ్చు టీచర్."

"తెలుసమ్మా. అందుకే. మిగతావాళ్ళకి అవకాశం ఇవ్వాలి కదా."

సందేహం కాసేపు ఆలోచించి సరేనంది. ఆ పిల్లకి టీచరంటే ప్రాణం. కిందటి ఏడాది టీచరు ప్రశ్న అడిగితే గోడ వైపు తిప్పి నిలబెట్టేది. ఈమె కూర్చోమన్నా సరే, ముందు వినేది.

పరీక్ష చెయ్యడానికి వచ్చిన సిస్టరు సన్నగా, మెత్తటి చెప్పులేసుకుని, చప్పుడు చెయ్యకుండా నడిచే మనిషి. అడిగినవన్నీ ఆ ఇరవై అయిదులోవే కావడంతో ఆట చక్కగా సాగిపోయింది. ప్రశ్న ఏదైనా ఇరవై ఆరు చేతులు ఒక్కసారిగా లేచేవి. జవాబులు గడగడా వచ్చేవి. ఒక్క పిల్లవాడు మాత్రం కంగారులో రెండు చేతులూ ఎత్తేశాడు. "నీకు రెండుసార్లు తెలుసా నాన్నా?" అని సిస్టరు నవ్వింది. పెద్ద సిస్టరు కూడా నవ్వింది. టీచరు నవ్వడానికి కొంచెం సమయం పట్టింది.

అంతా అయి, బయటికి వెళ్ళబోతూ ఆ సిస్టరు కిటికీ పక్క బెంచీ దగ్గర ఆగింది.

"నువ్వు ప్రతిసారీ చెయ్యి ఎత్తావు, నీ వంతు రానే లేదు పాపం. ఒక్కటి అడుగుతాను చెప్పు. మీ టీచరు ఈ పాఠాలు రోజూ చెప్తారా?"

అది పుస్తకంలో లేని ప్రశ్న. సందేహం లేచి నిలబడి టీచరు వైపు చూసింది. టీచరు తల ఊపలేదు, సైగ చెయ్యలేదు. కళ్ళతో మాత్రం బతిమాలింది. ఆ సంగతి తర్వాత ఎన్నిసార్లు కాదనుకోవాలని చూసినా ఆమె వల్ల కాలేదు. ఎనిమిదేళ్ళ పిల్లని కళ్ళతో బతిమాలింది.

"రోజూ చెప్తారు సిస్టర్," అంది సందేహం. "మొదటి పీరియడ్ అదే."

వారం తిరక్కుండా మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. పెద్ద సిస్టరు దాన్ని ప్రార్థన సమయంలో స్కూలంతా వినేలా చదివింది. ఇంత చక్కటి బోధన అరుదనీ, మిగతా బడుల టీచర్లు వచ్చి ఈ తరగతిలో కూర్చుని చూస్తే మంచిదనీ అందులో ఉంది. పిల్లలతోపాటు ఫాదర్‌గారు కూడా చప్పట్లు కొట్టారు. నాలుగో తరగతి టీచరు స్టాఫ్‌రూములో, "ఆ మంత్రమేదో మా చెవిలో కూడా వెయ్యండి, పుణ్యముంటుంది," అని ఆటపట్టించింది. పొగిడినవాళ్ళందరికీ మన టీచరు నవ్వుతూనే జవాబు చెప్పింది. ఇంటికి వెళ్ళాక మాత్రం అన్నం సహించలేదు.

ఆ మర్నాటి నుంచి మొదటి పీరియడ్లో నిజంగానే సత్యోపదేశం మొదలుపెట్టింది. ఎగ్గొట్టిన పాఠాలన్నీ వరసగా చెప్పేస్తే తప్పు కొట్టుకుపోతుందని ఆశ. ఆరో పాఠం వచ్చిన రోజు, 'సత్యము పలుకుట' అని బోర్డు మీద రాసి, పీరియడ్ అంతా కుడివైపు బెంచీలకే పాఠం చెప్పింది. కిటికీ ఎడమవైపు ఉంది.

పదో పాఠం పాపాలు ఎలా చెప్పుకోవాలో నేర్పే పాఠం. ముందు నిదానంగా కూర్చుని, చేసిన తప్పులన్నీ గుర్తు తెచ్చుకుని, ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకోవాలి. ఇంకెవరికీ చూపించక్కర్లేదు. తలలు వంచుకుని, పక్కవాడికి కనబడకుండా చేతులు అడ్డుపెట్టుకుని పిల్లలంతా రాస్తున్నారు. సందేహం ఒక్కతే పెన్సిలు పట్టుకుని ఊరికే కూర్చుంది. బెల్లు కొట్టాక బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"టీచర్, ఆ సిస్టరుతో నేను చెప్పింది అబద్ధం కదా?"

టీచరు చప్పున గుమ్మం వైపు చూసింది. "అది ఆటలో భాగమమ్మా."

"ఆట అయిపోయాక కదా అడిగింది."

"తర్వాత మాట్లాడుకుందాం. బెల్లు అయిపోయింది, వెళ్ళు."

తర్వాత అంటే ఎప్పుడో ఇద్దరికీ తెలియదు. నాలుగు రోజులు గడిచాక, శుక్రవారం మధ్యాహ్నం సందేహం వాళ్ళమ్మ స్కూలుకి వచ్చింది. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేసింది.

"టీచరుగారూ, మా పిల్ల మొండికేసి కూర్చుందండీ. అందరి పిల్లల తెల్ల గౌన్లూ కుట్టి కుట్టి, నా పిల్లది ఆఖర్న కుట్టుకున్నాను. ఇప్పుడది వేసుకోనంటోంది. పాపాలు చెప్పుకోవడానికి రాదట, ప్రసాదం తీసుకోదట. ఎందుకే అంటే నోరు విప్పదు. పొద్దున లేస్తే నోరు మూయని పిల్ల అది, మీకు తెలుసు కదా."

"తెలుసండీ," అంది టీచరు.

"ఇంట్లో ఎప్పుడూ మీ జపమే. మీరు ఒక్క మాట చెప్తే వింటుంది."

చెప్తానంది టీచరు. ఆ తల్లి చేతులు పట్టుకుని మరీ చెప్తానంది. సాయంత్రం పిల్లలందరూ వెళ్ళిపోయాక సందేహాన్ని వరండాలో ఆపింది. అడగ్గానే ఆ పిల్ల అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేసింది.

"నేను అబద్ధం చెప్పానని చెప్తే, ఏం అబద్ధమని ఫాదర్‌గారు అడుగుతారు. చెప్తే మీ సంగతి తెలిసిపోతుంది. మన స్కూలుకి పెద్ద ఆయనే కదా. చెప్పకుండా దాస్తే అది ఇంకా పెద్ద పాపమని పుస్తకంలో ఉంది. అందుకని అసలు వెళ్ళకపోతే మంచిది టీచర్."

"ఫాదర్‌గారు అక్కడ విన్నది బయట ఎవరికీ చెప్పరమ్మా."

"చెప్పరు. కానీ ఆయనకి తెలుస్తుంది కదా."

టీచరుని కాపాడటానికి ఈ పసిపిల్ల తెల్ల గౌను వద్దనుకుంది, అమ్మ చేత తిట్లు తింది, దేవుణ్ణి కూడా దూరం పెట్టడానికి సిద్ధపడింది. అప్పుడే, ఆ వరండాలోనే, తప్పు నాది అని ఒక్క మాట అంటే సరిపోయేది. సిగ్గు అడ్డొచ్చింది. "సోమవారం చెప్తాను," అని పంపించేసింది.

శనివారం సాయంత్రం ఫాదరు పాపాలు వినడానికి చర్చిలో కూర్చుంటారు. ఎవరైనా వెళ్ళి చెప్పుకోవచ్చు. టీచరు మెట్లదాకా వెళ్ళింది. జాలీ కిటికీ అవతల కూర్చునేది తన సెలవు చీటీల మీద సంతకాలు పెట్టే మనిషే. ఆయన వింటే విన్నట్టు కూడా కనబడరని ఆమెకి తెలుసు, పిల్లలకి ఆ పాఠం చెప్పింది తనే. అయినా పెద్ద సిస్టరు చదివిన మెచ్చుకోలు ఉత్తరానికి ఆయన కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి, కూరగాయలు కొనుక్కుని ఇంటికి వచ్చేసింది.

ఆదివారం పూజకి అత్తగారి పక్కన కూర్చుంది. భర్త బస్సు డ్రైవరు, ఆదివారాలు తరచూ డ్యూటీలోనే ఉంటాడు. అత్తగారిది చర్చిలో ఎవరు లేచారు, ఎవరు లేవలేదు అన్నీ చూసే కన్ను. ప్రసాదం వేళ బెంచీ బెంచీ లేచి వరసలోకి వెళ్తుంటే, ఎవరైనా కూర్చుండిపోయారంటే వాళ్ళ మనసు మీద ఏదో బరువుందని ఊరంతటికీ తెలిసిపోతుంది. ఇవాళ లేవకూడదని టీచరు గట్టిగానే అనుకుంది.

"ఏమ్మాయ్, లేవవేం?" అంది అత్తగారు గుసగుసగా. చుట్టూ నలుగురు తిరిగి చూసే గుసగుస అది.

"కాస్త కాలు నొప్పిగా ఉంది అత్తయ్యా."

"నా చెయ్యి పట్టుకో."

లేచింది. వరసలో నడిచింది, ప్రసాదం తీసుకుంది. చాలాసేపటిదాకా మింగుడు పడలేదు. తిరిగి వస్తుంటే అవతలి వైపు బెంచీలోంచి సందేహం తనవైపే కళ్ళార్పకుండా చూస్తోంది. ఎందుకలా చూస్తోందో అప్పుడు తట్టలేదు.

సోమవారం పొద్దున్నే ఆ పిల్ల గేటు దగ్గర కాచుకుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"నిన్న చూశాను టీచర్. మీరు వెళ్ళి ప్రసాదం తీసుకున్నారు. మనసులో పాపముంటే తీసుకోకూడదు కదా. అంటే మనం చేసింది పాపం కాదన్నమాట. అవునా టీచర్?"

ఆ పిల్లకి తేల్చుకోవడానికి ఇంకే దారీ దొరకక, టీచరు లేస్తుందా కూర్చుంటుందా అని చూసి తేల్చుకుంది. కాదనడానికి టీచరుకి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణంలో తల్లి మెడలో టేపూ, చప్పట్లూ, పెద్ద సిస్టరు ఆకుపచ్చ సంతకాలూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"అవును," అంది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆగితే టీచరెందుకవుతుంది? పిల్లకి నమ్మకం కుదరాలని, విషయాన్ని విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది. "చూడమ్మా, ఏ పనైనా చేశాక నిన్ను నువ్వు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా? మంచికోసమే చేశావా? నీ చోట ఇంకెవరున్నా అలాగే చేసేవారా? ఆ రోజు ఎవరికీ నష్టం జరగలేదు. మన తరగతి మంచికోసమే చెప్పావు. నీ చోట ఎవరున్నా అదే చెప్పేవారు. ఇంక పాపమెక్కడుంది?"

సందేహం మూడు ప్రశ్నలూ వేళ్ళ మీద లెక్కపెట్టి అప్పజెప్పింది. ఒక్కటి కూడా తప్పుపోలేదు. గెంతుకుంటూ తరగతిలోకి పోయింది. సాయంత్రం వాళ్ళమ్మ గేటు దగ్గర కనబడి, "మీరు దేవతండీ," అంది. టీచరు వినబడనట్టు గొడుగు విప్పుకుంది. ఎండా లేదు, వానా లేదు.

తర్వాతి శనివారం ఇరవై ఆరుగురినీ చర్చికి తీసుకెళ్ళారు. పిల్లలు చేతుల్లో మడిచిన కాగితాలతో వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరే తెర వెనక్కి వెళ్ళి, మోకరించి, నాలుగైదు నిమిషాలకి బయటికి వస్తున్నారు. కొందరు కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. రెండు చేతులూ ఎత్తిన పిల్లవాడు పావుగంట తర్వాత చెమటలు కక్కుతూ వచ్చి, "ఇంకో రెండు మరిచిపోయాను," అని మళ్ళీ వెళ్ళబోతే పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది. ముందు వరసలో పెద్ద సిస్టరు మర్నాటి పూజకి కావలసిన కొవ్వొత్తులకి కాగితం తొడుగులు తొడుగుతోంది.

సందేహం వెళ్ళింది. తెర ఊగడం ఆగకముందే బయటికి వచ్చేసింది. వచ్చి వెనక బెంచీలో టీచరు పక్కన కూర్చుని కాళ్ళు ఊపుకుంటోంది.

"అప్పుడే అయిపోయిందా?" అంది టీచరు.

"ఆఁ. నాకు పాపాలు లేవు టీచర్."

టీచరు ఆ పిల్ల ముఖంలోకి చూసింది. వేళాకోళమేమీ లేదు.

"ముందు పది రాసుకున్నాను," అంటూ సందేహం కాగితం విప్పి తనంత తనే చూపించింది. పది వరసలున్నాయి. అన్నిటి మీదా స్కేలు పెట్టి గీతలు కొట్టేసి ఉన్నాయి. "తర్వాత మీరు చెప్పిన మూడు ప్రశ్నలు వేసి చూశాను. ఒక్కొక్కటే పోయింది. ఇది చూడండి, పక్కింటి పాప బొమ్మ దాచేశాను. దానికి ఇంకా రెండున్నాయి, నష్టమేం లేదు. ఇది వెనక బెంచీ పిల్లని గిల్లింది. అది అల్లరి చేస్తోంది, మంచికోసమే గిల్లాను. అమ్మ పెద్ద కత్తెర కింద పడేసి, పిల్లి పడేసిందని చెప్పాను. నా చోట ఎవరున్నా అలాగే చెప్తారు."

"ఫాదర్‌గారితో ఏం చెప్పావు?"

"బాగా ఆలోచించాను ఫాదర్, ఏమీ లేవు, అన్నాను. ఆయన నవ్వి దీవించారు."

ఏడాది పొడుగునా టీచరు మనసుపెట్టి చెప్పిన సత్యోపదేశం అదొక్కటే. పిల్ల నూటికి నూరుపాళ్ళూ నేర్చుకుంది. తన అబద్ధాన్ని మొయ్యలేక నలిగిపోయిన పిల్ల ఇప్పుడు ఎంత హాయిగా కాళ్ళు ఊపుకుంటోందో చూస్తుంటే, తన చేతులారా ఏం పాడుచేసిందో అర్థమై ఏడుపొచ్చింది. పీరియడ్లు కాజేసినందుకు ఇంత బాధ వెయ్యలేదు. ఈ పిల్లకి తప్పు చేస్తే ముల్లులా గుచ్చుకునే మనసుండేది. దాన్ని మూడు ప్రశ్నలతో మొద్దుబార్చేసింది.

"అమ్మా, నేను నీకు తప్పు చెప్పాను," అంది. "ఆ రోజు సిస్టరుతో నువ్వు చెప్పింది అబద్ధమే. చెప్పించింది నేను. పాపం నాది. ఆ మూడు ప్రశ్నలూ నేను తప్పించుకోవడానికి అల్లుకున్నవి. మరిచిపో వాటిని."

సందేహం కాళ్ళు ఊపడం ఆపింది.

"అప్పుడు పాపం కాదన్నారు. ఇప్పుడు పాపమంటున్నారు," అంది మెల్లగా. "ఏది నిజమో నాకెలా తెలుస్తుంది టీచర్?"

ఒట్టేసి చెప్పినా, కన్నీళ్ళు పెట్టుకున్నా అవి కూడా మాటలే అవుతాయి. తన మాట ఆ పిల్ల దగ్గర చెల్లడం మానేసింది. టీచరు లేచి, సందేహం చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి నడిచింది.

"సిస్టర్, మీతో ఒక సంగతి చెప్పాలి."

పెద్ద సిస్టరు కొవ్వొత్తి పక్కన పెట్టింది. "ఆఫీసులో మాట్లాడుకుందామా టీచర్? పిల్ల ఉంది."

"ఇక్కడే సిస్టర్. ఈ పిల్ల వినాలి."

చెప్పింది. లెక్కల పీరియడ్లు చెప్పింది, కుడిచేతులూ ఎడమచేతులూ చెప్పింది. ఈ పిల్ల ఎవరికోసం అబద్ధమాడిందో, దాన్ని పాపం కాదని తను ఎలా నమ్మించిందో చెప్పింది. వరసలో నిలబడ్డ పిల్లలు కొందరు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు.

"డైరీ కూడానా?" అంది పెద్ద సిస్టరు.

"ప్రతి శుక్రవారం సిస్టర్."

పెద్ద సిస్టరు చేతిలో కాగితం తొడుగుని మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చుంది. "సోమవారం ఫాదర్‌గారి ముందు కూర్చుందాం. ఆ ఉత్తరం వెనక్కి పంపాలి," అంది చివరికి. ఎప్పటిలాగే మెల్లగా అంది. టీచరు తలూపింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ క్షణాన ఆమెకి పట్టలేదు. పక్కనున్న పిల్ల నమ్మిందా లేదా అన్నదొక్కటే పట్టింది. తిరిగి చూసింది.

సందేహం అప్పటికే ఆమె చేతిలోంచి చెయ్యి విడిపించుకుంది. కాగితం విప్పి, కొట్టేసిన గీతల కింద ఏముందో పెదవులు కదుపుతూ మళ్ళీ చదువుకుంటోంది.

"నేను ఇంకోసారి లైన్లో నిలబడొచ్చా?" అని అడిగింది. "పదకొండున్నాయి."

ఆ ప్రశ్న టీచర్ని అడగలేదు. జవాబు కోసం పెద్ద సిస్టరు ముఖంలోకే చూస్తూ నిలబడింది.